తన తలుపే తట్టేవాడు

డండీలో మార్చి నెల.
టే నది మీంచి వచ్చే గాలికి
మనిషి ఎముకల్లో ఎక్కడెక్కడ సందులున్నాయో తెలుసు.
నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచేయదు.
డూగల్ రెన్నీ తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని
తన తలుపు తనే తడతాడు.

లోపల ఎవరూ లేరు. తెలుసు.
తెలిసీ తడతాడు.
కాస్త ఆగి, కాళ్లు తుడుచుకుని,
పిలవని పేరంటానికి వచ్చినవాడిలా
గోడవారగా లోపలికి నడుస్తాడు.
తొమ్మిదేళ్లు బస్టాండు వెనకా, వంతెన కిందా,
మూతపడ్డ జనపనార మిల్లు మెట్ల మీదా పడుకున్నవాడు.
లెమ్మని ఎవరూ అదిలించని చోట
నిద్ర ఎలా పడుతుంది?

ఆక్యుపేషనల్ థెరపిస్టునంటే
ఉద్యోగాలు ఇప్పిస్తాననుకుంటారు జనం.
పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి దీపం ఆర్పడం దాకా
రోజుని రోజుగా నిలబెట్టే పనులుంటాయే,
అవండీ, అంటాను.
ఓస్, అవేనా, అంటారు.

మొదటి వారం కెటిల్.
నీళ్లు పోయడం వచ్చు, మీట నొక్కడం వచ్చు.
కాగేదాకా ఒక్కచోట నిలబడటం రాదు.
నిలబడితే పోలీసు వస్తాడు, నడుస్తూనే ఉండాలి.
కాళ్లు కష్టపడి నేర్చిన చదువది,
నేను వద్దన్నంత మాత్రాన మరిచిపోవు.
సింకు అంచు పట్టుకుని ఇద్దరం
మూడు నిమిషాలు నిలబడ్డాం,
రాని రైలు కోసం చూసేవాళ్లలా.

మంచం ఊసు ఎత్తలేదు నేను.
తలుపుకి అడ్డంగా నేల మీద, బూట్లతో పడుకునేవాడు.
లేసులు వదులు చేసి చూడు, అన్నాను.
బూట్లు కాదు, లేసులే.
పదకొండు రాత్రులు పట్టింది.

ఏప్రిల్లో ఆరు రోజులు కనపడలేదు.
ఆఫీసు నుంచి ఫారం వచ్చింది,
స్పందన లేదు అన్న గడిలో టిక్కు పెట్టమని.
పెట్టలేదు. వెతకడానికీ వెళ్లలేదు, అది నా పని కాదు.
అబద్ధం. వెళ్లాను.
మిల్లు మెట్ల మీద షుగ్ పక్కన కూర్చుని ఉన్నాడు.
మధ్యలో ఫ్లాస్కు, ఒకే మూత, ఇద్దరూ మార్చుకుంటున్నారు.
నన్ను చూసి తల వంచుకున్నాడు.
షుగ్‌కి దగ్గు ఎక్కువైంది, అన్నాడు.
ఇంట్లో కాచి తెచ్చాను, అన్నాడు.
ఆ మాట ఎలా వచ్చిందో తను గమనించలేదు.
నేనూ గమనించనట్టే ఉన్నాను.

మే నెలలో లీకులు కొన్నాం, బంగాళాదుంపలు కొన్నాం.
నా కాగితంలో రాసుకున్న లక్ష్యం: ఒక్కడికి వంట.
కత్తి చేతికిచ్చి వెనక్కి తిరిగేసరికి
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు,
ఒక తొడ సింకుకి ఆనించి,
నేల ఎటైనా ఒరుగుతుందేమోనన్నట్టు.
కత్తి మాత్రం ఆగలేదు.
ఎక్కడ నేర్చావు?
ఆర్‌బ్రోత్ చేపల పడవలో, పద్నాలుగేళ్లు వంటవాణ్ణి.
ఇన్నాళ్లూ చెప్పలేదేం?
ఎవరడిగారు?

నిజమే. ఎక్కడ పడుకున్నావని అడిగారు,
ఏం తాగావని అడిగారు.
వంట వచ్చా అని నేనూ అడిగాను,
నీళ్లు కాచుకోవడం వచ్చా అన్న గొంతుతో.

సూప్ పదకొండు మందికి వచ్చింది.
అతనికి తెలిసిన కొలత అదొక్కటే.
వాసన మెట్లు దిగి వెళ్లి
రెండో అంతస్తు ఎఫీ లామాంట్‌ని గిన్నెతో సహా పైకి తెచ్చింది.
ఉప్పు తక్కువైందని ఆవిడ తగువు పడింది.
ఉప్పు వేసేది నేనా నువ్వా, అని ఇతను.
నేను కాగితంలో ఒక్కడికి అన్న మాట కొట్టేశాను.

ఇంకా బూట్లతోనే పడుకుంటున్నాడు, కొన్ని రాత్రులు.
గాలి ఎక్కువైతే తలుపు దగ్గరికి చేరతాడు.
షుగ్ ఆసుపత్రిలో ఉన్నాడు.

నిన్న మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, తలుపు తట్టాను.
ఎవరది? అని లోపలి నుంచి కేక.
పేరు చెప్పాను.
ఆగు పిల్లా, చేతులు తడి, అన్నాడు.
నది గాలి మెట్ల మీదికి కొడుతోంది.
కోటు బొత్తాలు పెట్టుకుని
మూడు నిమిషాలు నిలబడ్డాను.